బరువెంతో కాదు, ఎక్కడుందో చూడండి

మొన్న ఓ మిత్రుడు ఫోన్ చేశాడు. "ఇల్లు మారుతున్నా. ట్రెయిలరూ సామానూ కలిపి 2,000 పౌండ్లు. నా బండి 3,500 లాగుతుంది. ఇంకేం భయం?"

కొన్నేళ్ళ క్రితం డాలస్ నుంచి ఆస్టిన్‌కి మారినప్పుడు నేనూ ఇదే లెక్క వేశాను. ముందు దించాల్సినవి కదా అని బియ్యం బస్తాలు, గ్రైండర్, పుస్తకాల పెట్టెలు చివర్న తలుపు దగ్గర సర్దాను. ఐ-35 మీద 70 మైళ్ళ వేగంలో ఉండగా పక్కనుంచి ఓ పెద్ద ట్రక్కు దూసుకుపోయింది. అంతే, ట్రెయిలర్ తోక ఊపడం మొదలెట్టింది. నేను స్టీరింగ్ ఇటు తిప్పేలోపు అది అటు పోతోంది. మన భాషలో, ఆలస్యంగా అందే ఫీడ్‌బ్యాక్! మా ఆవిడ "బ్రేకెయ్యండి" అని అరిచింది. నేను భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చెయ్యాల్సింది అదేనని తర్వాత చదివితే తెలిసింది. బ్రేకు తొక్కితే వెనక బరువు కారుని తోసి అడ్డంగా తిప్పేస్తుందిట. వేగం పెంచితే ఊపు ఇంకా పెరుగుతుంది.

ఇంతా చేసి, ఎడ్లబండి తోలిన మా తాతకి ఇది తెలుసు. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. ముందు మరీ బరువైతే ఎడ్ల మెడలు ఒరుసుకుపోతాయి. అందుకే కాస్త ముందుకి మొగ్గేట్టు సర్దేవాడు. ట్రెయిలర్‌కీ అంతే. సామాన్లో 60 శాతం ముందు సగంలో ఉండాలి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి, అంటే మా మిత్రుడికి 200 నుంచి 300 పౌండ్లు. అంతకు మించితే కారు వెనక కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

నా గోలల్లా ఒక్కటే. అద్దెకిచ్చేవాళ్ళు కొక్కెం, గొలుసులు, లైట్లు చూసి పంపేస్తారు. సామాను సర్దేది ఆ తర్వాత, మన ఇంటి ముందు. అప్పుడు చూసేవాళ్ళెవరూ ఉండరు. "కెపాసిటీ లోపలే ఉంది" అన్న అంకె ఒక్కటే మనకి ధైర్యం. ఆ అంకె ఎంత బరువో చెప్తుంది గానీ ఎక్కడుందో చెప్పదు.

మిత్రుడు విసుక్కుంటూనే పెట్టెలన్నీ దించి మళ్ళీ సర్దాడు. రెండు గంటలు పట్టిందిట. పట్టనీండి. 55 దాటొద్దని కూడా చెప్పాను, ఆ మాట మాత్రం వింటాడో లేదో!