మూడు నెలల కొలువు



మిరప నారు పోసే రోజులలో ఒక సాయంత్రం మా సంఘంలోని ఒక సహోదరుడు, నర్సింగ్ చదివిన తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చాడు. అమ్మాయి చేతిలో రెండు కాగితాలున్నవి. ఒకటి పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి పిలుపు. జ్వరాల కాలానికి మూడు నెలలు రమ్మని వ్రాశారు. రెండవది భద్రాచలం ఏజెన్సీలో ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు పని. జీతం పట్టణంలోనే ఎక్కువ. "అయ్యగారూ, ఏది మంచిదో మీరే చెప్పండి" అన్నాడు తండ్రి.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అందుకు కారణమున్నది. రెండేండ్ల క్రితం ఇదే బిడ్డను ఇటువంటి మూడు నెలల పనికే మరొక ఆసుపత్రికి మేమే సిఫారసు చేసి పంపాము. ఏమీ విచారించలేదు. చేరిన దినముననే అసలు సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టారట. మూడు నెలలు గడిచినా సీజను ముగియలేదని ఇవ్వలేదు. వాటికొరకు తండ్రియు మేమును నాలుగు పర్యాయాలు తిరిగాము. కాగితాలు చేతికి వచ్చేసరికి, ఆమె దరఖాస్తు చేయదలచిన ఒక ఉద్యోగానికి గడువు దాటిపోయింది. ఆ యింటివారు మమ్మును ఒక్క మాట అనలేదు. అనియుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

గనుక ఈసారి కూర్చుండి అన్నియు అడిగాము. మన గ్రామాలలో నర్సింగ్ చదువుచున్న ఆడపిల్లలు అనేకులున్నారు గనుక ఆ సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాము.

వ్యవసాయానికి కాలమున్నట్లే వ్యాధులకును కాలమున్నది. వానలు పడిన తరువాత జూలై మొదలు నవంబరు వరకు ఏజెన్సీలో మలేరియా, మైదానంలో డెంగీ. చలికాలంలో కంటి శిబిరాలు, రెండేండ్లకొకసారి మేడారం జాతర శిబిరాలు. మిరపకోతలకు ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుండి కూలీలు కుటుంబాలతో మన వైపు వచ్చినప్పుడు వారి పిల్లల జ్వరాలు, విరేచనాలు. ఆపైన కొత్తగూడెం, భద్రాచలం ఎండలకు వడదెబ్బ. ఈ కాలాలను బట్టియే తాత్కాలికపు పనులు పుట్టుచున్నవి. 2016లో రావినూతలలోను, మన బోనకల్ మండలంలోని ఇతర గ్రామాలలోను డెంగీ ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, బయటి నుండి శిబిరాలకు వచ్చిన నర్సులు మనకెంత అవసరమైరో మరువలేదు గదా! అటువంటి పనిని తక్కువ చేసి మాట్లాడుట మాకు ఇష్టము లేదు. అయితే పని మంచిదైనంత మాత్రాన దాని కాగితం మంచిదని నమ్మరాదు. మేము ఈ మాట ఆలస్యముగా నేర్చుకున్నాము.

అమ్మాయి మాకు తెలియని ఒక సంగతి చెప్పింది. 2022 డిసెంబరులో తెలంగాణ వైద్య నియామక బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు, వ్రాత పరీక్షకు 80 మార్కులు, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు లేక ఔట్‌సోర్సింగు పద్ధతిన చేసిన సేవకు 20 మార్కులు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో పూర్తయిన ప్రతి ఆరు నెలలకు రెండున్నర, ఇతర చోట్ల రెండు. ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్ని రాత్రులు మేలుకొన్నను ఈ లెక్కలోనికి రాదు. ఐదు నెలలు చేసి మానివేసినను రాదు. రాబోయే ప్రకటనలో ఇదే లెక్క ఉంటుందని ఎవరును మాట ఇవ్వలేరు. అయినను, మూడు నెలల ఎక్కువ జీతం ఒక వైపు, ఆరు నెలల సేవా ధ్రువపత్రం ఒక వైపు పెట్టి తూచవలసినదే.

మరియొక చిక్కు సరిహద్దు. 2014లో పోలవరం నిమిత్తమై చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. కొద్ది మైళ్ళు దాటితే రాష్ట్రం మారును, నర్సింగ్ కౌన్సిల్ మారును, సేవ లెక్కయు మారును. "భద్రాచలం ప్రక్కనే" అని ఎవరైనా చెప్పితే ఏ ప్రక్కన అని అడుగవలెను. చర్ల, దుమ్ముగూడెం తెలంగాణవి. అదృష్టవశాత్తు అమ్మాయి కాగితంలో ఉన్నది దుమ్ముగూడెం మండలమే.

అప్పుడు తల్లి నోరు విప్పింది. అంతవరకు ఆమె గుమ్మం దగ్గర నిలిచియున్నది. "గోదావరి వస్తే పిల్ల ఎటు రావాలయ్యగారూ?" అన్నది. న్యాయమైన ప్రశ్న. భద్రాచలం వద్ద 53 అడుగులకు మూడవ హెచ్చరిక ఇస్తారు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అటువంటప్పుడు ఏజెన్సీ దారులు తెగిపోవును. అడవి పల్లెలలో మలేరియా సామాన్యమైనది కాదు, ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే ప్రాణాపాయం. నర్సుకు జ్వరం వచ్చినా రక్తపరీక్ష ఆ దినముననే కావలెను. "నేను నర్సునే గదా" అని మాత్రలు మింగి ఊరుకొనేవారిని మేము చూచాము.

మరుసటి వారం తండ్రియు మేమును బస్సులో వెళ్ళి ఆ చోటు చూచివచ్చాము. ఇంటి తలుపుకు లోపలి గడియ ఉన్నదా, నీళ్ళెక్కడివి, రాత్రి కాన్పు వస్తే తోడు ఎవరు, వాహనం రాకపోతే ఏ డాక్టరుకు ఫోను చేయవలెను అని అక్కడి సిబ్బందిని అడిగాము. ఒక పెద్ద నర్సమ్మ నవ్వి, "మా నాయన కూడా ఇట్లాగే వచ్చాడు" అన్నది. గడియ లేదు. ఆ మధ్యాహ్నమే తండ్రి కొని బిగించాడు. ఉద్యోగపు ఉత్తరువులో తేదీలు, జీతం, సెలవులు ఉన్నవో లేవో చదివాము. సర్టిఫికెట్లు నకళ్ళు ఇచ్చి, అసళ్ళు చూపించి వెంటనే వెనుకకు తీసుకొన్నాము. ఎవరును అభ్యంతరపెట్టలేదు.

పట్టణపు ఆసుపత్రిని అమ్మాయి వద్దన్నది. తమ్ముని ఫీజు ఆలస్యమగునని తండ్రికి కొంత బాధ ఉన్నది. ఆ బాధ అబద్ధము కాదు. ఆ ఫీజుకు సంఘములో కొందరు చేబదులు ఇచ్చారు, కోతల తరువాత తీర్చుమన్నారు.

మొన్న ఆదివారం ఆరాధన తరువాత ఆమె ఫోను చేసింది. జ్వరమును కోయ భాషలో ఏమందురో నేర్చుకొన్నదట. మాకు రెండుసార్లు చెప్పింది, మాకు పలకడం రాలేదు. తల్లి ఫోను తీసుకొని మొదట అడిగినది దోమతెర సంగతి.