దుకాణం బల్ల మీద పడేస్తే బట్వాడా అయిపోయినట్టేనా?

డిసెంబరు వస్తే చాలు, మా లంబసింగి పేపర్లకెక్కుతుంది. 'ఆంధ్రా కశ్మీరు' అంటారు. సున్నా డిగ్రీలు అంటారు. తెల్లారకముందే చెరువులవేనం వైపు కార్లు బారులు తీరతాయి. మంచు చూడ్డానికి వచ్చేవాళ్లు దారి తప్పకుండా రోడ్డు పొడవునా బోర్డులున్నాయి. గుడారాలకో బోర్డు, భోజనానికో బోర్డు, ఫోటోలు దిగే చోటికో బోర్డు. అదే రోడ్డు మీద, అదే మంచులో, ఇక్కడే పుట్టి పెరిగిన రైతు ఒక ఉత్తరం వెయ్యాలంటే తపాలా డబ్బా ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరికినా దాని చుట్టూ తుప్పలు, ముందు నీటి గుంట. మూత తుప్పు పట్టి ఉంటుంది. వానాకాలంలో అందులో వేసిన కవరు నానకుండా బయటికొస్తే అదృష్టమే.

ఇక మనకు వచ్చే ఉత్తరం సంగతి వేరే చెప్పాలా? శివారు గూడేలకు వచ్చే ఉత్తరం రోడ్డు మీది దుకాణం దగ్గర ఆగిపోతుంది. బల్ల మీద పడేసి, 'ఆ గూడెం వాళ్లెవరైనా వస్తే ఇవ్వండి' అని చెప్పి వెళ్లిపోతారు. ఆ గూడెం నుంచి ఎవరో వచ్చేసరికి వారం. వచ్చినవాడికి చదువు రాకపోతే ఇంకో వారం. వానలు పట్టి గెడ్డ పొంగితే నెల. ఈలోగా దుకాణదారు ఆ కవరు మీద పప్పు లెక్క రాసుకుంటాడు.

ఉత్తరాల గురించి రైతు సంఘం పత్రికలో రాయడమేమిటి, ఇంకే సమస్యా లేదా అని కొందరు నవ్వొచ్చు. నవ్వేవాళ్లు ఈ సంగతి వినండి.

మా పక్క గూడెం రైతు ఒకాయన పోడు భూమి మీద హక్కు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. అది తిరస్కరించామని ఒక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఆయన చేతికి అందేసరికి కవరు మీది ముద్రకు రెండు నెలలు దాటాయి. 2006 అటవీ హక్కుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, దాని నిర్ణయం మీద జిల్లా కమిటీకి వెళ్లడానికి ఉన్న గడువు 60 రోజులు. అంటే అప్పీలు చేసుకోవాల్సిన రోజులన్నీ దుకాణం బల్ల మీదే గడిచిపోయాయి. తాత కాలం నుంచి దున్నుకుంటున్న భూమి, ఒక తడిసిన కవరు దగ్గర తగువులో పడింది.

చట్టం తప్పా అంటే కాదు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం తిరస్కరించినా, విస్తీర్ణం తగ్గించినా ఆ నిర్ణయాన్ని హక్కుదారుకు స్వయంగా తెలియజేయాలి. తెలియజేసిన రోజు నుంచే 60 రోజులు లెక్క. మరో 30 రోజులు పొడిగించే అధికారం కూడా కమిటీలకుంది. ఈ నిబంధన మన రైతులందరూ గుర్తుపెట్టుకోవాలి. దుకాణం బల్ల మీద పెట్టడం 'స్వయంగా తెలియజేయడం' కాదు. కానీ ఉత్తరం ఎప్పుడు అందిందో రుజువు చేసుకోవాల్సింది ఎవరు? మనమే. మన దగ్గర కాగితమేముంది? ఏమీ లేదు.

మిగతా వ్యవహారాల్లో అయితే చట్టం ఇంకా కఠినంగా ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ఏమంటుందంటే, సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టరు చేసి ఉత్తరం పంపితే, మామూలుగా ఎన్ని రోజుల్లో అందాలో అన్ని రోజుల్లో అందినట్టే లెక్క. కాదని నిరూపించాల్సిన భారం అందుకోని వాడి మీదే. బ్యాంకు అప్పు నోటీసు కావచ్చు, కోర్టు కాగితం కావచ్చు. విశాఖపట్నంలో మేడ మీద ఉండేవాడికీ, గెడ్డ అవతల గూడెంలో ఉండేవాడికీ ఒకే లెక్క. మేడ మీదివాడికి గుమ్మం దగ్గర పెట్టె ఉంది. మనకు దుకాణం బల్ల ఉంది. చట్టం ముందు అందరూ సమానమే అంటే అర్థం ఇదేనా?

సమాచార హక్కు చట్టమూ అంతే. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు నచ్చకపోతే మనం మరో 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. దరఖాస్తు వెయ్యడానికి డబ్బా లేదు, జవాబు అందుకోవడానికి చోటు లేదు. ఇక ఆ హక్కు ఎవరికి?

దీనికి వచ్చే మొదటి సమాధానం, 'ఇప్పుడంతా సెల్‌ఫోన్లే కదా, ఉత్తరాలు ఎవరికి కావాలి?' అని. అయ్యా, మా శివారు గూడేల్లో సిగ్నలు కోసం గుట్ట ఎక్కాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. అది అలా ఉంచండి. ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, బ్యాంకు నోటీసు, ఉద్యోగానికి పిలుపు, కోర్టు కాగితం, ఇవన్నీ ఇవాళ్టికీ ఎలా వస్తున్నాయి? కవర్లోనే. పెళ్లి పిలుపులు ఫోన్లోకి వెళ్లాయి. మన బతుకుల్ని తేల్చే కాగితాలు మాత్రం ఇంకా తపాలాలోనే నడుస్తున్నాయి.

రెండో సమాధానం, 'మీ కొండల్లో ఆదాయం రాదు' అని. ఇది అసలు చెల్లదు. కొండ, గిరిజన ప్రాంతాల్లో శాఖా తపాలా కార్యాలయం పెట్టడానికి ఖర్చులో 15 శాతం ఆదాయం వస్తే చాలని తపాలా శాఖ తానే నిబంధన రాసుకుంది. మైదానంలో అయితే మూడో వంతు రావాలి. అంటే కొండల్లో నష్టం వస్తుందని తెలిసే, భరిస్తామని ఒప్పుకునే ఆ నిబంధన పెట్టారు. దేశంలో లక్షా 60 వేలకు పైగా తపాలా కార్యాలయాలున్నాయని, అందులో ఎక్కువ భాగం పల్లెల్లోనేనని ప్రతి ప్రకటనలో గొప్పగా చెప్పుకుంటారు. పల్లెల లెక్క చూపించి పేరు తెచ్చుకోవడం, పల్లె పని వచ్చేసరికి ఆదాయం లెక్క తియ్యడం, రెండూ ఒక నోటితో కుదరవు.

మూడో మాట మన వాళ్లే అంటారు: 'పోస్టుమ్యాన్ బద్ధకస్తుడు.' ఈ మాట దగ్గర ఆగుదాం. మన గూడేలకు ఉత్తరాలు తెచ్చేవాళ్లు గ్రామీణ డాక్ సేవకులు. పూర్తి స్థాయి ప్రభుత్వ ఉద్యోగులు కారు. 2018 మే 22 నుంచి దేశమంతటా సమ్మె చేసి, ఆ ఏడు జీతాల సవరణ సాధించుకున్నారు. అప్పటికి కూడా ఉత్తరాలు పంచే సేవకుడికి నాలుగు గంటల పనికి ఇచ్చిన మూల భత్యం నెలకు 10,000 రూపాయలు. ఆ నాలుగు గంటల్లో మంచులో, వానలో, జారే బాటలో ఎన్ని గూడేలు తిరగగలడు? చాలాసార్లు అతను కూడా మన గిరిజన బిడ్డే, మన రైతు కొడుకే. దుకాణం బల్ల మీద పెట్టడం అతని తప్పు కాదు. పెట్టడానికి వేరే చోటు ఇవ్వని వాళ్లది తప్పు. మన పోరాటం అతని మీద కాదు, అతనితో కలిసి.

ఇక పైనున్న వాళ్లు చేస్తున్నదేమిటో చూడండి. 2025 మే నెలలో తపాలా శాఖ 'డిజిపిన్' అని కొత్త చిరునామా విధానం తెచ్చింది. దేశంలో ప్రతి నాలుగు మీటర్ల చదరానికీ పది అక్షరాల కోడు. నా ఇంటికి ఒకటి, నా పసుపు కళ్లానికి ఒకటి. అదే ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. బాగుంది. కోడు ఉంది, స్పీడు ఉంది. ఆ కోడు రాసిన కవరు వానలో తడవకుండా ఉంచడానికి రోడ్డు పక్కన ఒక రేకు పెట్టె లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

ఇది మనకే కొత్తగా వచ్చిన కష్టమా? కాదు. నూట ముప్పై ఏళ్ల కింద అమెరికా రైతులదీ ఇదే గోడు. పట్నం వాళ్లకు ఇంటికి ఉత్తరం వచ్చేది, రైతు మాత్రం బండి కట్టుకుని తపాలా ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చేది. అక్కడి రైతు సంఘం 'గ్రేంజ్' దీని మీద ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 1896లో పశ్చిమ వర్జీనియాలో పల్లెలకు ఉచిత బట్వాడా మొదలైంది. 1902కల్లా శాశ్వతమైంది. మొదట్లో రైతులు ఇంట్లో ఉన్న ఖాళీ డబ్బాలే రోడ్డు పక్కన గుంజకు కట్టారు. తర్వాత పెట్టె ఎలా ఉండాలో ప్రభుత్వం కొలతలు పెట్టింది. ఇవాళ్టికీ అక్కడ రోడ్డు పక్క పెట్టె నేలకు 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో ఉండాలని నియమం. బండి దిగకుండా చెయ్యి అందాలని. ఇంకో ముఖ్యమైన సంగతి: దారి బాగాలేని చోటికి బట్వాడా ఇవ్వమని తపాలా వాళ్లు అంటే, ఆ ఉత్తరాల కోసమే స్థానిక పాలకులు రోడ్లు బాగు చేయించారు. అక్కడ ఉత్తరం రోడ్డును తెచ్చింది. ఇక్కడ రోడ్డు వచ్చాక కూడా ఉత్తరం రావడం లేదు.

రోడ్డు అంటే గుర్తొచ్చింది. ఈ మన్యంలో రోడ్ల కోసం మన తాతలు చిందించిన చెమటకు లెక్క లేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి వాళ్ల చేత వెట్టి చేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక నిలబడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. రాజు ముందుగా కబురు పంపి మరీ వచ్చేవాడని, ఆ కబురును 'మిరపకాయ టపా' అనేవారని ఇప్పటికీ చెప్పుకుంటాం. రోడ్డు మన తాతలు వేశారు. ఆ రోడ్డు మీద మన ఉత్తరానికి ఒక పెట్టె అడగడం దానం అడగడం కాదు.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'అడవి తల్లి బాట' పేరుతో గిరిజన గూడేలకు రోడ్లు మొదలుపెట్టింది. డోలీ మోతలు పోవాలంటే ఆ రోడ్లు పూర్తి కావాల్సిందే. అదే అంచనాలో గూడేనికో తపాలా పెట్టె కూడా చేర్చాలి. కంకర, సిమెంటు ఎలాగూ కొండెక్కుతున్నాయి. ఒక దిమ్మె కట్టడానికి ఇంకో టెండరు అక్కర్లేదు.

మన డిమాండ్లు ఇవి.

ఒకటి. ప్రతి శివారు గూడెం దారి మొదట్లో రెండు పెట్టెలుండాలి. ఉత్తరాలు వెయ్యడానికి ఎర్ర డబ్బా. వచ్చే ఉత్తరాలకు తాళాలున్న గళ్ల పెట్టె. ఇంటికో గడి, ఇంటికో తాళంచెవి. గెడ్డ అడ్డున్న చోట గళ్ల పెట్టె రోడ్డు వైపు, ఎర్ర డబ్బా గూడెం వైపు పెట్టాలి. పొంగే గెడ్డను ఉత్తరం కోసం ఎవరూ దాటకూడదు. నీళ్లు తగ్గేదాకా మన కాగితం తాళంలో భద్రంగా ఉండాలి.

రెండు. రోడ్డు కంటే అడుగు ఎత్తున సిమెంటు దిమ్మె, దాని మీద నిలబడితే మూడున్నర నుంచి నాలుగు అడుగుల ఎత్తులో డబ్బా నోరు. ముసలమ్మకైనా, బడి పిల్లకైనా చెయ్యి అందాలి. పైన రేకు కప్పు ఉండాలి.

మూడు. మలుపులో పెట్టకూడదు. రాళ్లు జారే కొండవాలు కింద పెట్టకూడదు. మనిషి రోడ్డు దిగి నిలబడే జాగా ఉండాలి. పొగమంచులో కార్లు మనిషిని చూడలేవు.

నాలుగు. గుంజకూ డబ్బాకూ రేడియం స్టిక్కర్లు అంటించాలి. మంచులో టార్చి వేస్తే కనబడాలి.

ఐదు. సంతకం పెట్టి తీసుకోవాల్సిన ఉత్తరాలు దుకాణాల్లో ఇవ్వడం పూర్తిగా ఆపాలి. మనిషి దొరకకపోతే తేదీ వేసిన చీటీ అతని గడిలో వెయ్యాలి. వారపు సంత రోజున సంతలో బల్ల వేసి ఆ ఉత్తరాలు ఇవ్వాలి. ఆ రోజు గూడేలన్నీ కొండ దిగుతాయి.

ఆరు. కొండల్లో తిరిగే డాక్ సేవకులకు రెయిన్‌కోటు, టార్చి, నడిచిన దూరానికి తగ్గ పని గంటల లెక్క ఇవ్వాలి.

సోదరులారా, డిమాండ్లు రాసి ఊరుకుంటే కాగితం మీదే ఉంటాయి. ఈ నెలాఖరులోగా ప్రతి శాఖ తన పరిధిలోని తపాలా డబ్బాలన్నీ చూసి ఫోన్లో ఫోటోలు తియ్యాలి. ఎక్కడుంది, ఎంత ఎత్తు, ఎవరికి అందుతుంది అని రాయాలి. తుప్పలు మనమే కొట్టేద్దాం, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. గ్రామసభల్లో తీర్మానాలు చేయించండి. 1996 పీసా చట్టం మన గ్రామసభకు ఇచ్చిన గౌరవం ఇలాంటి పనులకే. మూడు నెలలకోసారి తపాలా శాఖ డాక్ అదాలత్ పెడుతుంది. ఈసారి అక్కడికి ఒక్కరు కాదు, గూడేనికో ఫిర్యాదు వెళ్లాలి.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. ఏ ప్రభుత్వ ఉత్తరం అందినా, అందిన రోజునే కవరు మీద తేదీ రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి. కవరు పారెయ్యకండి. రేపు కమిటీ ముందు నిలబడి 'మాకు ఇవాళే తెలిసింది' అని చెప్పాలంటే మన చేతిలో ఉండే ఆధారం ఆ కవరే.