బూట్లకు ఎదురు నిలిచిన వట్టి పాదాలు

హౌరా నుండి మద్రాసుకు పోయే రైలుమార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఖరగ్‌పూర్ ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతిలో రూపుదిద్దుకున్న పట్టణమిది. 1900లో రూపనారాయణ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తికాగా ఇక్కడి నుండి హౌరాకు దారి ఏర్పడింది. 1902లో తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగం కూడా ఈ కంపెనీ పరమైంది. ఆ దారివెంటనే విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగువారు పని వెతుక్కుంటూ వచ్చి, వర్క్‌షాపులలో చేరి, తరతరాలుగా ఇక్కడే నిలిచిపోయారు. బంగాళం వారికి అన్నంతోపాటు ఫుట్‌బాల్ వ్యామోహాన్ని కూడా పెట్టింది.

ఆనాటి రైల్వే పట్టణాలలో దొరల బంగళాలు ఒకవైపు, పనివారి క్వార్టర్లు మరొకవైపు. ఆటస్థలాలలోనూ ఇదే వరుస. ఈ వరుస ఒక సాయంకాలం తలక్రిందులైన వృత్తాంతం తెలియాలంటే అదే రైలుమార్గాన కలకత్తా మైదానానికి వెళ్ళాలి. అది 1911 జూలై 29, శనివారం. ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్. ఒక పక్షం ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు సైనికులు. రెండవది 1889లో స్థాపితమైన మోహన్ బగాన్.

1893లో ప్రారంభమైన ఆ షీల్డును అంతవరకు భారతీయ జట్టేదీ గెలువలేదు. ఆంగ్లేయ జట్లను ఓడించడం మాత్రం కొత్త కాదు; 1892లోనే ట్రేడ్స్ కప్పు పోటీలో శోభాబజార్ జట్టు ఈస్ట్ సర్రే రెజిమెంటును ఓడించింది. అయితే ఒక్క ఆట గెలవడం వేరు, వరుసగా సైనికదళాలను దాటుకుంటూ పోవడం వేరు. ఆ ఏడు మోహన్ బగాన్ సెయింట్ జేవియర్స్, రేంజర్స్, రైఫిల్ బ్రిగేడ్ జట్లను ఓడించి, సెమీఫైనల్లో మిడిల్‌సెక్స్ రెజిమెంటుతో 1-1గా సమానమై, తిరిగి జరిగిన పోటీలో 3-0తో నెగ్గి ఫైనల్ చేరింది.

పదకొండుగురిలో పదిమంది ఆడింది వట్టికాళ్ళతో. బూట్లు తొడిగినవాడు బ్యాక్ స్థానంలో ఆడిన సుధీర్ చటర్జీ ఒక్కడే. వట్టికాళ్ళ ఆటను కేవలం పేదరికమని జాలిపడటం సరికాదు. పొడినేల మీద బంతి పాదానికి అంటుకున్నట్లు నడుస్తుంది. మలుపు వేగంగా తిరుగుతుంది. కాని వానాకాలపు బురదలో అదే పాదం జారుతుంది. పైగా సైనికుని బూటు తగిలితే వ్రేళ్ళు చితుకుతాయి. ఆ కలకత్తా షీల్డు జరిగేది సరిగ్గా వానాకాలంలోనే!

ఆ రోజు జనసమూహం 60,000 అని కొందరు, లక్ష అని కొందరు అన్నారు. ప్రత్యేక రైళ్ళు, అదనపు స్టీమర్లు నడిచాయి. మైదానం కనిపించనివారు చెట్లెక్కారు. గోలు పడినప్పుడల్లా గాలిపటం ఎగురవేసి దూరాన ఉన్నవారికి కబురందించారట. ఆంధ్రదేశంలో సంక్రాంతికి మాత్రమే గుర్తుకు వచ్చే గాలిపటం అక్కడ తంతి తీగ పని చేసింది!

మొదటి గోలు సైనికులదే. సార్జెంటు జాక్సన్ కొట్టిన ఫ్రీకిక్ గోలీ హీరాలాల్ ముఖర్జీని దాటిపోయింది. మైదానం మూగబోయింది. ఆట ముగియవచ్చే వేళకు కెప్టెన్ శివదాస్ భాదురి ఎడమవైపు నుండి చొచ్చుకుపోయి స్కోరు సమం చేశాడు. కొద్ది నిమిషాలకే అభిలాష్ ఘోష్ రెండవ గోలు కొట్టాడు. 2-1. ఇక మిగిలిన కాలం చాలలేదు సైనికులకు.

మౌలానా మహమ్మదలీ నడిపిన ‘కామ్రేడ్’ పత్రిక సైతం విజేతలను అభినందించింది. 1905లో జరిగిన వంగ విభజన గాయం ఆరని రోజులవి. హిందువులు, మహమ్మదీయులు ఒకే సంతోషాన్ని పంచుకోవడం చిన్న సంగతి కాదు. అదే డిసెంబరులో విభజన రద్దయింది; రాజధాని ఢిల్లీకి మారుతుందని ప్రకటన వెలువడింది. వీటిని ఆ ఆటకు ముడిపెట్టేవారున్నారు గాని, అది అభిమానం చేసే అతిశయోక్తి. ఇంకొక ముచ్చట మరింత ప్రసిద్ధం. ఆట ముగిశాక ఎవరో కోటమీది జెండాను చూపి “అది ఎప్పుడు దిగుతుంది?” అని అడుగగా, మోహన్ బగాన్ మళ్ళీ షీల్డు గెలిచినప్పుడని జవాబు వచ్చిందట. నిజానిజాలు ఎట్లున్నా, ఆ జట్టు తిరిగి షీల్డు గెలిచింది 1947లో.

ఖరగ్‌పూర్‌ను నిర్మించిన కంపెనీ పేరు స్వాతంత్ర్యం తర్వాత రైల్వే బోర్డులపై నుండి తొలగిపోయింది. కలకత్తా లీగు మైదానంలో మాత్రం బి.ఎన్.ఆర్. జట్టుగా అది కొనసాగింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోళ్ళు కొట్టిన సికింద్రాబాదు ఆటగాడు తులసీదాస్ బలరామ్, ఈస్ట్ బెంగాల్ విడిచి 1963లో చేరింది ఆ జట్టులోనే.