వానను కొలుచుట ఊరూర జరుగవలెను

పంటనష్టమును కొలుచుటకు బదులు వర్షపాతమునే కొలిచి, అది లోపించిన యేట రైతునకు పరిహార మొసగవలెనని మైసూరు సంస్థానమునకు చెందిన జె. ఎస్. చక్రవర్తి 1920లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించిరి. ఎనుబదేండ్లు గడచిన పిమ్మట, 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆముదము, వేరుశనగ రైతులకు వాతావరణ బీమాను అందించగా, ఆ యూహ మన దేశమున తొలిసారి ఆచరణకు వచ్చినది.

ఈ పద్ధతియందలి సుగుణము సామాన్యమైనది కాదు. అధికారి చేలోనికి దిగి నష్టమును నిర్ణయింప నక్కరలేదు. పంటకోత ప్రయోగములకై నెలల తరబడి వేచియుండ నక్కరలేదు. వర్షమాపకమున నమోదైన మిల్లీమీటర్లు ఒప్పందపు హద్దునకు తగ్గినచో చాలును, పరిహారము రైతు హక్కగును. బెట్టనాడు శ్రమించి పైరును నిలుపుకొన్నవాడు సైతము ఆ హక్కును కోల్పోడు.

అయితే వాన ఎంత కురిసినదన్న ప్రశ్నతోపాటు ఎప్పుడు కురిసినది, ఎక్కడ కురిసినదన్న ప్రశ్నలును తప్పవు. అనంతపురపు ఎర్రనేలలలో పూత ముగిసి ఊడలు దిగు తరుణమున పదును లేక పైమన్ను గట్టిపడినచో, ఊడ నేలలోనికి చొరలేక కొనయందే మాడిపోవును. ఆ మీదట కురిసిన జడివాన లెక్కలలో లోటును పూడ్చునేగాని, పోయిన కాయను తెచ్చి యీయజాలదు. కనుక పైరు దశల ననుసరించి హద్దులు నిర్ణయింపవలెను. మాపకమున్న మండల కేంద్రమున వాన కురిసి, దూరపు పల్లెలో చుక్క రాలని దినము లెన్ని లేవు! అట్టి పల్లె రైతునకు ఎండిన చేను ఒక నష్టము, చెల్లించిన ప్రీమియము రెండవ నష్టము.

2016లో వచ్చిన పంటల బీమా పథకముల ననుసరించి ఖరీఫ్ ఆహారధాన్యములకు, నూనెగింజలకు రైతు చెల్లించు వాటా బీమా మొత్తములో రెండు శాతమునకు మించదు. మిగిలిన ప్రీమియమును ప్రభుత్వములే భరించును. ప్రజాధన మింతగా వెచ్చించునప్పుడు, ఊరూర నొక వర్షమాపకమును నెలకొల్పి, ఏనాటి కొలతను ఆనాడే పంచాయతీ పలకపై వ్రాయించుటకు వ్యయము అడ్డమనుట న్యాయము కాదు. ఒప్పందము తెలుగున నుండవలెను. కౌలుకు దున్నువాని పేరును అందు చేరవలెను. ఈ యేర్పాటులు చేయకయే బీమాలో చేరుడని రైతును కోరు నధికారము ప్రభుత్వములకు లేదు.