దుర్వాసుని గ్రంథభారమూ, నేటి పీడీఎఫ్ రాశులూ

జీవన్ముక్తివివేకంలో శాస్త్రవాసనను నిరూపించే సందర్భంలో విద్యారణ్యులవారు దుర్వాసుని వృత్తాంతాన్ని ప్రస్తావించారు. పుస్తకభారంతో మహాదేవుని సభకు వచ్చిన ఆ మునిని నారదుడు బరువు మోసే గాడిదతో పోల్చాడు. ముని కుపితుడై గ్రంథాలన్నిటినీ లవణసముద్రంలో పడవేశాడు. అనంతరం పరమేశ్వరుడు ఆయనను ఆత్మవిద్యవైపు మరల్చాడు.

ఈ కథను అడ్డుపెట్టుకొని కొందరు జిజ్ఞాసువులు తమ ఈ-పుస్తకాల అస్తవ్యస్తతకు వైరాగ్యమని పేరు పెడుతున్నారు. వేల పీడీఎఫ్‌లు దింపుకొంటారు. సర్దమంటే మాత్రం "అదీ ఒక బంధమే కదా" అంటారు. ఇది వైరాగ్యం కాదు, శుద్ధ తామసం. దుర్వాసుడు బహుశాస్త్రవ్యసనానికి ఉదాహరణం. అంటే ఆయన అధ్యయనం చేసినవాడు. చదివినదానిని ఆయన విడిచాడు. వీరు చదవనూ లేదు, విడవనూ లేదు. పైగా నిన్న రాత్రి మరో ఇరవై దింపుకొన్నారు.

ఇందువల్ల కలిగే హాని స్థలాభావం కాదు, సంప్రదాయసంకరం. "గీతాభాష్యం-2" అనే ఫైలులో ఉన్నది శంకరులదా, రామానుజులదా, మధ్వులదా? ముఖపత్రం లోపించిన స్కాన్ అయితే ఆ పేరు తప్ప వేరే ఆధారం లేదు. ఛాందోగ్యంలోని ఒకే మహావాక్యానికి అద్వైతులు అభేదాన్ని, మాధ్వులు భేదాన్ని అర్థంగా చెబుతారు. కర్త ఎవరో తెలియక నడుమ ఒక పుట తెరిచిన సాధకుడు ఒక ఆచార్యుని సిద్ధాంతాన్ని మరొకరికి అంటగట్టి, దానినే మననం చేస్తాడు. తాళపత్రలేఖకుడు గంటంతో అంత శ్రమించి కూడా గ్రంథాంతపుష్పికలో గ్రంథనామం, కర్తృనామం, తరచుగా సంవత్సరం, తిథి, తన పేరు వ్రాసేవాడు. కీబోర్డు ముందున్నవానికి ఆపాటి ఓపిక లేదా?

భారత డిజిటల్ గ్రంథాలయపు ప్రతులలో అనేక తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో వికృతంగా నమోదయ్యాయి. వాటిని అలాగే దాచుకొంటే వెతికినా దొరకవు. గ్రంథం, మూలకర్త, వ్యాఖ్యాత, అనువాదకుడు, ప్రకాశకులు, ముద్రణవర్షం: ఇవి తెలుగు యూనికోడ్‌లో ఫైలు పేరుగా ఉండాలి. ఒకే గ్రంథపు రెండు ముద్రణలు కనబడితే ఒకదానిని తొందరపడి తొలగించరాదు, పాఠభేదాలు ఉండవచ్చు. మరొక ప్రతి వేరే డిస్కులో, వీలైతే వేరే ఇంట, ఉండాలి. కొన్న ఈ-పుస్తకానికీ అభయం లేదు. 2009లో అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ రచనల ప్రతులను పాఠకుల కిండిల్‌ల నుండి తానే తొలగించింది. సొమ్ము తిరిగి ఇచ్చిందనుకోండి, అది వేరే మాట.

ఒక్కొక్క ఫైలునూ తెరిచి పేరు పెట్టేవానికి పంచదశి అయిదు ప్రతులు, అయిదింటిలోనూ ప్రథమప్రకరణం దాటని తన పఠనం ఎదురవుతాయి. సర్దడం బంధమని వాదించేవారిలో అధికులు జంకేది ఈ దర్శనానికే.