ర్యామ్ బంగారం కాదు

నర్సీపట్నం వెళ్లినా విశాఖ వెళ్లినా, డెస్క్‌టాప్ కొనేవాళ్లకు ఇప్పుడు ఒకటే సలహా ఎదురవుతోంది. ర్యామ్ ధర ఇంకా పెరుగుతుంది, 8 జీబీ అనుకుంటే 16, 16 అనుకుంటే 32 ఇప్పుడే వేయించేయండి అని. మాకవరపాలెం మండలం తామరంలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే పిల్లవాడి ఫీజు కట్టి, హాస్టల్ ఖర్చు లెక్క చూసుకుంటున్న తండ్రికి ఈ సలహా వేల రూపాయల భారం.

సలహా తప్పు కూడా.

ధర పెరిగిన మాట నిజమే. ఏఐ సర్వర్లలో వాడే హెచ్‌బీఎం మెమరీ, మామూలు కంప్యూటర్లలో వాడే, అంతే సామర్థ్యమున్న డీడీఆర్5 ర్యామ్ కంటే దాదాపు మూడింతల సిలికాన్ వేఫర్‌ను తింటుంది. ప్రపంచంలో ర్యామ్‌కు వాడే డీర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌ల చేతుల్లోనే ఉంది. లాభం ఎటుంటే అవి అటు తిరిగాయి. దుకాణాల్లో క్రూషియల్ పేరుతో అమ్మే మెమరీ వ్యాపారాన్ని మానేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరు 3న ప్రకటించింది. మన దగ్గర చూస్తే, గూగుల్ 2025 అక్టోబరు 14న విశాఖకు ప్రకటించిన 1500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రానికి ఎంచిన స్థలాల్లో అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఉంది. మెమరీని మింగే యంత్రాలు ఈ జిల్లాకే వస్తున్నాయన్నమాట. అదే అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేయడంతో పాత కంప్యూటర్లున్న ఇళ్లలో కంగారు ఇంకాస్త పెరిగింది.

కంగారులో అవసరానికి మించి కొని ఉంచుకుంటే కలిసొస్తుందనుకోవడం దగ్గరే అసలు పొరపాటు. అనకాపల్లి వ్యాపారి బెల్లం దిమ్మలు నిల్వ చేస్తాడు, రేటు వచ్చినప్పుడు అమ్ముతాడు. ఆ సరుకు ఏ వంటింట్లోనైనా పనికొస్తుంది. ర్యామ్ అలా కాదు. డీడీఆర్4 స్టిక్కు డీడీఆర్5 స్లాట్‌లోకి దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత మదర్‌బోర్డు మారిస్తే, ఈరోజు అధిక ధరకు కొన్న స్టిక్కు దానికి సరిపోతుందన్న భరోసా లేదు.

ఇలాంటి ఉప్పెనలు ఇదివరకూ వచ్చాయి. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమితోమో కెమికల్ ఫ్యాక్టరీ పేలి, చిప్పుల పైపూతకు వాడే రెజిన్ ఆగిపోతుందన్న భయంతో మెమరీ ధరలు ఎగిశాయి. 2017లో మళ్లీ మండిన ధరలు 2019లో బాగా పడిపోయాయి. ప్రతి పెరుగుదలా కొరత వల్లే వచ్చిందనీ అనలేం: డీర్యామ్ ధరలను కూడబలుక్కుని నిర్ణయించిన కేసులో శాంసంగ్ 2005లో అమెరికాలో తప్పు ఒప్పుకుని 30 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఈసారి బిగువు 2026 దాటినా ఉంటుందని మైక్రాన్ అంటోంది. కావచ్చు. అప్పటిదాకా ఖాళీగా పడి ఉండే 16 జీబీకి ఇప్పుడే డబ్బు పోయడానికి అది కారణం కాదు.

ముందు చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, ర్యామ్ ఎంత వాడకంలో ఉందో అందులో కనిపిస్తుంది. 8 జీబీలో ఐదారే వాడుతుంటే నిదానానికి కారణం ర్యామ్ కాదు, చాలాసార్లు పాత హార్డ్ డిస్కు. దాని బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీల ధరలూ పెరిగాయి గానీ, ఆ ఖర్చుకు ఫలితం కళ్లకు కనిపిస్తుంది. సీ, జావా, పైథాన్ ల్యాబ్ పనికి 8 జీబీ చాలు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడపాలంటే మాత్రం 16 కావాలి. అలాంటి విద్యార్థులను ధర తగ్గేదాకా ఆగమనడం అన్యాయం, వాళ్లు ఇప్పుడే కొనాలి.

4 జీబీతో ఈడుస్తున్న ఇంట్లో కూడా ఆగడం దండగే. ఆ కంప్యూటర్‌కు అదే రకం స్టిక్కు ఒకటి, వాడినదైనా సరే, దుకాణంలోనే ఎక్కించి నడిపి చూసి తెచ్చుకోవచ్చు. కొత్తది కొనేవాళ్లు నాలుగు స్లాట్ల బోర్డు అడిగి, రెండింటినే నింపి, మిగతా రెండూ ఖాళీగా ఉంచమనాలి.