పెట్టె మారింది, పాట మారిందా?



ఈ నెల పాటల సంగతి మాట్లాడుకుందాం. కుత్బుల్లాపూర్ ప్రాంతం ఎరిగినవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో పని దొరుకుతుందని ఎన్నెన్నో జిల్లాల నుండి వచ్చిన కుటుంబాలు షాపూర్‌నగర్‌లో, చింతల్‌లో, జగద్గిరిగుట్టలో, సూరారంలో స్థిరపడ్డాయి. వచ్చేటప్పుడు మూటాముల్లెతోపాటు తమ ఊరి కీర్తనలు కూడా తెచ్చుకున్నాయి. ఆదివారం ఉదయం ఆ వీధుల్లో నడిస్తే ఒక మందిరంలో డోలక్, పక్క వీధిలో కీబోర్డు, ఆ పైన మేడమీద ప్యాడ్లు! మూడు పాటలు గాలిలో కలిసి నాలుగో పాట పుడుతుంది. దానికి స్వరకర్త ఎవరని అడిగితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

పాటలు ఎక్కువైతే అభిమానులూ ఎక్కువవుతారు. మన సంఘాల్లో వీరు నాలుగు రకాలు.

మొదటివాడు “ముందే విన్నాను” సోదరుడు. ఏ కొత్త పాట పేరు చెప్పినా, “అదా! వచ్చిన రోజే విన్నాను” అంటాడు. ఆ పాట రేపు విడుదల అవుతుందని చెప్పినా అదే మాట అంటాడు.

రెండవవాడు పంపకాల సోదరుడు. తెల్లవారుజామున అయిదు గంటలకల్లా సంఘం వాట్సాప్ గ్రూపులో పదకొండు పాటలు పెడతాడు. వాటిలో ఒక్కటైనా చివరిదాకా విన్నారా అని ఆయనను అడగడం మర్యాద కాదు.

మూడవవారు “మా రోజుల్లో” పెద్దాయన. తన యౌవనంలో క్యాసెట్టు మీద వచ్చిన పాటను పాత కీర్తన అంటూ కళ్ళు తుడుచుకొని పాడతారు. ఆనాడు అదే పాటను వాళ్ళ నాన్నగారు “ఇదేం సినిమా వరుసరా?” అని కసిరిన సంగతి ఆయన మరచిపోయారు గాని, ఆయన భార్య మరువలేదు.

నాలుగవవాడు ప్యాడ్ల తమ్ముడు. కొన్న పెట్టెలో నూరు శబ్దాలుంటే నూరింటినీ ఒక్క ఆరాధనలోనే వినిపించాలని అతని ఆరాటం. జ్ఞాపకార్థ కూడికలో పొరపాటున చప్పట్ల మీట నొక్కి, బంధువులందరూ ఒక్కసారి తిరిగి చూడగా స్తంభం వెనక్కు జరిగినవాడు ఇతడే.

నవ్వుకున్నాం కదా! ఇక నవ్వలేని సంగతికి వద్దాం.

షాపూర్‌నగర్ నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. భర్త మెదకు దగ్గరి పల్లెలో పుట్టి, ఫ్యాక్టరీ పనికి వచ్చి, ఇప్పుడు సంఘ పెద్దగా ఉన్నారు. కుమారుడు ఐటీఐ ముగించి ఉద్యోగం చేస్తూ, సెకండ్‌హ్యాండ్ కీబోర్డు, ఫోనులోని ఒక యాప్ సహాయంతో రాత్రిళ్ళు పాటలు కడుతున్నాడు. ఈ మధ్య ఒక పాత కీర్తనకు కొత్త తాళం, కంప్యూటరు శబ్దాలు కలిపి సంఘం గ్రూపులో పెట్టాడట. యౌవనస్థులు సంబరపడ్డారు. తండ్రిగారు మాత్రం, “దేవుని పాటను డిస్కోలో పడేశావు. ఆ పెట్టె ఇంట్లో ఉంటే నేనుండను” అన్నారట. నెల రోజులుగా తండ్రి ముందు గదిలో, కొడుకు వెనుక గదిలో భోజనం. “ఇద్దరికీ వడ్డించేది నేనే. ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పండి” అని ఆ తల్లి అడుగుతున్నారు.

అమ్మా, తప్పొప్పులు తేల్చేముందు ఆ “పెట్టె” కథ కొంచెం చెప్పనివ్వండి.

పల్లె మందిరాల్లో పెట్టె అంటే హార్మోనియమే. అది లేనిదే కీర్తన లేదని మనం అనుకుంటాం. కాని అది మన దేశంలో పుట్టినది కాదు. పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబెన్ అనే ఆయన 1842లో దానికి పేటెంటు పొందాడు. ఇక్కడికి వచ్చాక కాలితో తొక్కే పెట్టె చేతితో ఊదే పెట్టెగా మారి నేలమీద కూర్చుంది. మన రాగాల గమకాలు దానిమీద పలకవని ఆకాశవాణి వారు 1940లో హార్మోనియాన్ని నిషేధించారు. ఆ నిషేధం సడలినది 1971లో. అంటే ముప్పది ఏండ్లు రేడియోవారు వద్దన్న పరదేశి పెట్టెను మన పెద్దలు ఒడిలో పెట్టుకొని దేవుని స్తుతించారు. ఈనాడు అదే సంప్రదాయమైంది!

కరెంటుతో పలికే వాద్యం దేవాలయానికి కొత్తదా అంటే, అదీ కాదు. చికాగోలో లారెన్స్ హామండ్ 1935లో విద్యుత్ ఆర్గన్‌ను అమ్మకానికి తెచ్చాడు. పెద్ద గొట్టాల ఆర్గన్ కొనలేని చిన్న సంఘాలు దీనిని ఆశతో కొన్నాయి. “ఇది అసలు ఆర్గనే కాదు” అని తగాదా లేచి, ఆ వివాదం అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం విచారణ దాకా వెళ్ళింది. అయినా నల్లజాతి సంఘాల ఆరాధనలో ఆ వాద్యం విడదీయరాని భాగమైంది.

ఆ చికాగోలోనే థామస్ డోర్సీ (1899–1993) అనే సంగీతకారుడు ఉండేవాడు. ఒకప్పుడు బ్లూస్ పాటలకు పియానో వాయించినవాడు. ఆ లయతోనే సువార్త పాటలు కడితే, మొదట్లో చాలా సంఘాలు తలుపు వేశాయి. 1932లో ప్రసవ సమయంలో భార్య, ఆ వెంటనే పసిబిడ్డ చనిపోయారు. ఆ దుఃఖంలోనుండి ఆయన వ్రాసిన ప్రార్థనాగీతం లోకమంతా పాడుకుంది. లయ ఎక్కడనుండి వచ్చిందని ఎవరూ ఆయనను మళ్ళీ అడగలేదు.

ఇక డిస్కో మాట. ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు హిందీ సినిమా పాటలకు వాయించేవాడు. 1982లో ఆయన రోలాండ్ కంపెనీ వారి మూడు ఎలక్ట్రానిక్ పెట్టెలు ముందుంచుకొని, పది రాగాలను డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు చేశాడు. అందులో ప్రధానం రాగమే. అప్పట్లో దానిని పట్టించుకున్నవారు తక్కువ. 2010లో ఒక డచ్ సేకర్త తిరిగి విడుదల చేస్తే లోకం ఆశ్చర్యపోయింది. ఎందుకంటే, చికాగో యువకులు కనిపెట్టినదని పేరున్న “ఆసిడ్ హౌస్” సంగీతం వంటి ధ్వని, వారికంటే కొన్నేళ్ళు ముందే మన దేశంలో పలికింది. చరణ్‌జిత్ సింగ్ 2015లో కన్నుమూశారు. కన్నుమూసేలోపు తన పాత పెట్టెలతో విదేశీ వేదికలెక్కి వాయించే అవకాశం ఆయనకు దొరికింది.

ఆ పెట్టెలలో ఒకదాని కథ వినదగ్గది. బేస్ గిటారు వాయించేవారు లేనిచోట ఉపయోగపడుతుందని టీబీ-303 అనే చిన్న యంత్రం చేశారు. అది గిటారులా పలకలేదు. అమ్ముడుపోలేదు. 1984లో తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చౌకగా పడి ఉన్న ఆ యంత్రాన్ని చికాగో పేద యువకులు కొని, దానితోనే కొత్త సంగీతం పుట్టించారు. ఇల్లు కట్టేవారు పారవేసిన రాయి మూలకు తలరాయి కావడం మనకు తెలిసిన సంగతే కదా!

తండ్రిగారూ, ఆ రికార్డులో యమన్ ఉంది. అది మన కల్యాణికి దగ్గరి చుట్టం. మాల్‌కౌంస్ ఉంది. అది మన హిందోళం. భైరవ్ ఉంది. అది మన మాయామాళవగౌళ. మీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరచి చూడండి. కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) ఇంగ్లీషు వరుసల అనువాదంతో సరిపెట్టుకోక, తెలుగువారి చెవికి తెలిసిన రాగతాళాలలో క్రీస్తును కీర్తించారు. మీ అబ్బాయి చేతిలోని పెట్టె కొత్తది. వెదకుతున్నది మాత్రం ఆ పాత సంగతినే.

అయితే బాబూ, నీకూ ఒక మాట. ఆ పుస్తకంలో రాగం పేరుంటుంది, తాళం పేరుంటుంది. వరుస ఎక్కడుంటుంది? మీ నాన్నగారి గొంతులో ఉంటుంది. ఒకే కీర్తనను ఒక్కో ఊరివారు ఒక్కో వరుసలో పాడతారు. ఆ ఊళ్ళనుండి వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే ప్రభువునందు నిద్రిస్తున్నారు. వారితోపాటు ఆ వరుసలూ సమాధిలోకి వెళ్ళిపోతున్నాయి. నీ ఫోనులో వెయ్యి శబ్దాలున్నాయి గదా. నాన్నగారి గొంతు ఎన్ని నిమిషాలు ఉంది?

తండ్రిగారి భయమూ ఊరికే వచ్చినది కాదు. తాళం హోరులో మాట మునిగిపోతే సంఘం శ్రోతల గుంపు అయిపోతుంది. తెరమీద అక్షరాలు పరుగెత్తుతుంటే చదువురాని అవ్వ ఏం చేస్తుంది? ఆమెకు డెబ్బది కీర్తనలు కంఠతా వచ్చు. నెలకొక కొత్త పాట వస్తుంటే ఆమె నోరు మూతపడుతుంది. స్తుతిలో ఒక గొంతు తగ్గిందని ఎవరూ గమనించరు. పౌలు కొరింథీయులకు వ్రాస్తూ ఆత్మతోనూ మనస్సుతోనూ పాడతానన్నాడు. పాట అర్థం కాకపోతే పక్కవాడు ఆమేన్ ఎలా అంటాడని కూడా అడిగాడు. కనుక కొత్త పాటకైనా పాత పాటకైనా పరీక్ష ఒక్కటే: అవ్వ ఆమేన్ అనగలదా?

అభిమానుల మాట మళ్ళీ ఒకసారి. కొరింథు సంఘంలోనూ అభిమాన సంఘాలుండేవి. కొందరు పౌలు పక్షం, కొందరు అపొల్లో పక్షం, కొందరు కేఫా పక్షం. ఇప్పుడు గాయకుల పేర్లతో మనం అదే పని చేస్తున్నాం. ఐరోపాలో ఫ్రాన్జ్ లిస్ట్ అనే పియానో విద్వాంసుని అభిమానుల వెర్రి చూసి, హైనే అనే కవి 1844లో ఆ వెర్రికి ఒక పేరే పెట్టాడు. తెగిన పియానో తీగలను కూడా అభిమానులు నగల్లా దాచుకొనేవారట! ఆ లిస్ట్ 1847లో, ఇంకా ముప్పది అయిదేండ్ల వయస్సులోనే, డబ్బు కోసం కచేరీలు చేయడం మానుకున్నాడు. 1865లో రోమన్ కతోలిక సంఘంలో చిన్న పరిచారక పదవులు స్వీకరించి, నల్లని అంగీ తొడిగాడు.

మరోవైపు ఫానీ క్రాస్బీ (1820–1915) అనే అంధురాలు ఎనిమిది వేలకు పైగా కీర్తనలు వ్రాసింది. ఒకే పుస్తకంలో అన్నిచోట్లా ఆమె పేరే ఉంటే బాగుండదని ప్రచురణకర్తలు అనుకుంటే, రకరకాల మారుపేర్లతో అచ్చు వేయించింది. ఎవరు వ్రాశారో తెలియకుండానే లోకం ఆమె పాటలు పాడింది. పాటకు చెవులు దొరికితే చాలు, తనకు చప్పట్లు దొరకనక్కరలేదని ఆమె అనుకుంది కాబోలు.

ఈ రోజుల్లో పెద్ద కంపెనీల అండ లేకుండా తమ ఖర్చుతో తామే పాట చేసి వినిపించేవారిని “ఇండీ” సంగీతకారులు అంటున్నారు. అలాగైతే మన సంఘాల పాటగాళ్ళలో చాలామంది ఎప్పటినుండో ఇండీలే! జీతంలో కొంత దాచి, స్నేహితుని గదిలో రికార్డు చేసి, ఉచితంగా పంచిపెట్టినవారు మన మధ్య ఎందరో. ఒక పని చేద్దాం. పంపకాల సోదరుడా, రేపటి నుండి పదకొండు వద్దు, ఒక్కటి పంపు. అది నీవు పూర్తిగా విన్నదై ఉండాలి. ఎందుకు నచ్చిందో రెండు మాటలు, కట్టినవారి పేరు కూడా వ్రాయి. పొరుగువాని కష్టాన్ని పేరు లేకుండా పంచడం ప్రేమ అనిపించుకోదు.

ఇక ప్రతి ఇంటివారికి ఒక చిన్న అభ్యాసం. వారంలో ఒక సాయంకాలం, కుటుంబ ప్రార్థనకు ముందు అర్ధగంట కేటాయించండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. పిల్లలు ఒక కొత్త పాట వినిపించాలి. పెద్దలు చివరిదాకా వినాలి. మధ్యలో మొహం చిట్లించరాదు, “మా రోజుల్లో” అనరాదు. తరువాత పెద్దలు ఒక పాత కీర్తన పాడాలి. పిల్లలు దానిని ఫోనులో రికార్డు చేసి, ఏ ఊరి వరుస, ఎవరు నేర్పారు, ఏ సంవత్సరంలో నేర్చుకున్నారు అని అడిగి వ్రాసుకోవాలి. ఆ పైన ఇష్టమైతే ఆ గొంతుకు నెమ్మదిగా ఒక శ్రుతి, ఒక తాళం జతచేయవచ్చు. నాన్నగారి గొంతు పైన వినబడాలి, యంత్రం కింద వినబడాలి. ఇదొక్కటే నియమం.

షాపూర్‌నగర్ తల్లిగారూ, తప్పు ఎవరిదని అడిగారు. నేను తీర్పరిని కాను. ఈ పత్రికను ముందు గదిలో ఒకసారి, వెనుక గదిలో ఒకసారి చదివి వినిపించే శ్రమ మీరు తీసుకోకండి. ఇద్దరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి ఒక్కసారే చదవండి. చదివాక అన్నం కూడా అక్కడే వడ్డించండి.

సౌలు మనస్సు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయించగా అతనికి నెమ్మది కలిగింది. వాయించినవాడు చిన్నవాడు, విన్నవాడు పెద్దవాడు. మీ ఇండ్లలోనూ చిన్నవారి చేతికి ఆ నేర్పును, పెద్దవారి చెవికి ఆ ఓర్పును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.